మందను దింపే కూత

నా గొంతు ఇప్పుడు ఎండిన తాటాకును నేల మీద ఈడ్చినట్టు ఉంటుంది. కొత్తవాళ్ళు జలుబు చేసిందా అని అడుగుతారు. లేదని చెప్పి ఊరుకుంటాను. ఎక్కువసేపు మాట్లాడితే లోపల తడి ఆరిపోతుంది కాబట్టి పక్కన చెంబు పెట్టుకుని, ఆగి ఆగి చెబుతున్నాను. నా చేతికి వచ్చిన రాత సంతకం వరకే. మిగతాదంతా నోటితోనే.

మా ఇల్లు ఉదయగిరి కొండ కింద. చలికాలం పొద్దున్నే తలుపు తీస్తే కొండ ఉండదు, మంచే ఉంటుంది. కాసేపటికి ఆ మంచులోంచి కోట గోడ ఒక ముక్క పైకి తేలుతుంది, దాని కింద ఏమీ ఉండదు. చిన్నప్పుడు మా పుట్టింటి వైపు నుంచి చూసి ఆ గోడ ఆకాశం వాళ్ళదనుకునేదాన్ని. పెళ్ళయి ఆ కొండ కిందికే కాపురానికి వచ్చాక, మేకల వెంట తిరిగి ప్రతి బండా తెలిశాక కూడా ఆ అనుమానం పూర్తిగా పోలేదు.

మా ఆయనకు మేకల మంద ఉండేది. పగలంతా అవి కొండ మీద పొదల్లో చెదిరిపోయి మేసేవి. పొద్దు వాలేటప్పటికి ఆయన వాగు ఒడ్డున ఉన్న నున్నటి బండ ఎక్కి కూత వేసేవాడు. ముందు ఒక పొడుగాటి "హో", అది కొండకు తగిలి తిరిగి వచ్చేదాకా మౌనం, తర్వాత గబగబా "దా దా దా". మా వైపు మేకలు కాసే ప్రతి ఇంటికీ ఒక కూత ఉంటుంది. ఒకరి కూతకు ఇంకొకరి మేక తల కూడా ఎత్తదు. ఆ మధ్య మౌనంలోనే ఉంది కిటుకంతా. తొందరపడి "దా" అంటే అవి నమ్మవు. ఆయన ఆ మౌనంలో కళ్ళు మూసుకునేవాడు. చూస్తుంటే కొండ చెప్పే జవాబు వింటున్నట్టు ఉండేది.

ఆయన జ్వరంతో పోయిన వారం మంద కొండ దిగలేదు. నేను పిలిచాను, మా మరిది పిలిచాడు, మా ఏసుప్రభువు గుడిలో పాట ఎత్తే పెద్దాయన కూడా వచ్చి పిలిచాడు. మేకలు రాళ్ళ మీద నిలబడి మమ్మల్ని వింతగా చూశాయి తప్ప అడుగు వెయ్యలేదు. అప్పుడు నేను ఆ బండ ఎక్కి, ఆడదాని గొంతును కిందికి దింపి, ఆయన కూతే వేశాను. మొదట రాలేదు. రోజూ వేశాను. కొన్నాళ్ళకు ఒక ముసలి మేక దిగింది, దాని వెనక మిగతావి. ఆయన ఫోటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. తీయించుకుందామంటే తీయించుకుందాం అన్నాడే గానీ ఎప్పుడూ కుదరలేదు. నాకు మిగిలింది ఆ కూత. సాయంత్రం నా నోట్లోంచి ఆయన వచ్చి, కొండను తాకి, మేకల్ని తోలుకుని ఇంటికి వచ్చేవాడు.

ఆ కూత కొన్నేళ్ళకు బొంగురుపోయింది. అరిచి అరిచి అలా అయిందనుకున్నాను. కొండ మీద ఒంటరిగా కూర్చుని చుట్ట కాల్చే అలవాటు నాకుంది, ఆ పొగ వల్లేమో అనీ అనుకున్నాను. మిరియాల కషాయం తాగాను. పక్కింట్లో చెక్క గరిటెలు చెక్కే సాయెబుల అవ్వ అనుమసముద్రంపేట దర్గా నుంచి తాయెత్తు తెచ్చి మెడకు కట్టింది. గుడిలో నాకోసం ప్రార్థన కూడా చేయించారు. గొంతు మాత్రం అలాగే ఉంది.

మా తోడికోడలు ఎగతాళి చేసేది. "అక్కా, బావ గొంతు దించాలని చెప్పి పూర్తిగా బావ గొంతే తెచ్చుకున్నావే. ఇంగ మీసాలొక్కటే తక్కువ."

ఆత్మకూరులో మా అన్న ఇంటికి పోయినప్పుడు అసలు సంగతి బయటపడింది. మా అన్న అక్కడి బస్టాండులో బస్సులకు జనాన్ని పిలిచే పని చేసేవాడు. "నెల్లూరు, నెల్లూరు" అని ఆయన అరిస్తే సంత చివర కూరగాయలు కొనేవాళ్ళు కూడా సంచి ఎత్తుకుని పరిగెత్తేవాళ్ళు. నాకంటే కొన్నేళ్ళ ముందు ఆయన గొంతులో క్యాన్సర్ అని తేలింది. అప్పటికే ముదిరింది. మద్రాసులో గొంతులోని మాట పెట్టె మొత్తం తీసేసి, మెడ కింద ఊపిరి పీల్చడానికి ఒక రంధ్రం పెట్టి పంపారు. దాని మీద పల్చటి గుడ్డ కట్టుకుని తిరుగుతాడు. ఆసుపత్రిలో నేర్పిన పద్ధతిలో గాలి మింగి, తేన్పులాగా పైకి తెచ్చి, ఒక్కొక్క మాట చెబుతాడు.

ఆ రోజు నేను వాకిట్లో నిలబడి "వదినా" అని పిలిచాను. లోపల అన్నం తింటున్న అన్న చెయ్యి ఆగిపోయింది. ఎంగిలి చేత్తోనే బయటికి వచ్చి, తల పక్కకు వంచి, మళ్ళీ పిలవమని సైగ చేశాడు. పిలిచాను.

"ఎన్నాళ్ళ... నించి," అన్నాడు.

"ఎండాకాలం నించి అన్నా. అరుపులకు అట్టయిందిలే."

ఆయన గాలి మింగాడు. "నాదీ... అట్టనే... మొదలు."

వదిన చేతిలో గరిటె పట్టుకుని గడపలోనే నిలబడిపోయింది.

మరుసటి వారమే అన్నా వదినా నన్ను మద్రాసు తీసుకుపోయారు. అన్నను చూసిన ఆసుపత్రికే. అక్కడ తెలుగు వచ్చిన ఒక డాక్టరమ్మ గుడ్డతో నా నాలుక పట్టుకుని, చిన్న అద్దాన్ని దీపం మీద వెచ్చచేసి గొంతులో పెట్టి చూసింది. తర్వాత మత్తిచ్చి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. అదే జబ్బు. అయితే చిన్నది.

డాక్టరమ్మ తన రెండు వేళ్ళు దగ్గరగా పెట్టి చూపించింది. "గొంతులో ఇలా రెండు తీగలుంటాయి. అవి కలిస్తే మాట. నీ జబ్బు ఒక తీగ అంచున ఉంది. మీ అన్నకు దారి లేదు కాబట్టి పెట్టె తీశాం. నీకు రెండు దారులున్నాయి. ఆపరేషన్ చేసి ఆ తీగ తీసేయవచ్చు. ఒక్కసారితో అయిపోతుంది, వారాల తరబడి ఇక్కడ పడి ఉండక్కర్లేదు. మాట ఉంటుంది, కానీ గాలిమాట. కేక రాదు. కోశాక లోపలికి పాకినట్టు కనిపిస్తే ఎక్కువే తీయాల్సి రావచ్చు."

"రెండోది?"

"రేడియేషన్."

మా వైపు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. నాకు వెంటనే మా ఊరి కరెంటు గుర్తొచ్చింది. మోటారు తిరుగుతూ తిరుగుతూ మధ్యలో ఆగిపోతే సగం మడి తడిసి సగం ఎండి ఉంటుంది. అదే అడిగాను. "మధ్యలో కరెంటు పోతే సగం జబ్బు మిగిలిపోతుందా అమ్మా?"

ఆవిడ నవ్వలేదు. "ఇది తీగల్లో వచ్చే కరెంటు కాదు. ఎండలాంటిది, కంటికి కనపడదు. ఆరేడు వారాలు, శని ఆదివారాలు వదిలి రోజూ కాసేపు పెట్టాలి. తీగ ఉన్నచోటే ఉంటుంది. గొంతు ముందు ఇంకా చెడిపోతుంది, మింగలేవు, తర్వాత మెల్లగా కొంత తిరిగి వస్తుంది. ఎంత వస్తుందో నేను చెప్పలేను. జబ్బు మళ్ళీ వచ్చిందంటే మాత్రం అదే చోట రెండోసారి పెట్టలేం. అప్పుడు మీ అన్నకు చేసినట్టే చెయ్యాలి. కాలిన చోట కోస్తే మానడం కూడా ఆలస్యం."

"నీది చిన్నది కాబట్టి రెండిట్లో దేనికైనా తగ్గుతుందనే నా నమ్మకం. ఎంచుకోవాల్సింది నువ్వు," అని కూడా చెప్పింది.

"మేకలు వస్తాయా?" అన్నాను.

"ఏమిటి?"

"నేను పిలిస్తే నా మేకలు రావాల. ఏది చేసుకుంటే వస్తాయి?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మేకల సంగతి నేను చదవలేదమ్మా," అంది.

ఆత్మకూరు తిరిగి వచ్చి అన్న ఇంట్లో రెండు రోజులున్నాను. వదినది కోత మాటే. "ఒక్క పూటలో తేలిపోద్ది. తీసి పారేస్తే ఇంగ భయముండదు గదా. మీ అన్న బతికి నా పక్కన కూర్చోనుండాడు, నాకదే చాలు. ఇంతకుముందు నన్ను గంటసేపు తిట్టేవాడు. ఇప్పుడు ఒక్కో తిట్టుకు ఒక్కో గుక్క గాలి మింగాల. ఆలోచించి తిడతాండాడు."

అన్న పళ్ళెంలోంచి తలెత్తాడు. "వాసన... తెలీదు. దీని పులుసు... తిని... బతికిపోతాండా."

ఆ మాటకు వదిన నిజంగానే నవ్వింది. కానీ సాయంత్రం ఆయన నీళ్ళ బిందె ఎత్తబోతే పరిగెత్తుకు వచ్చి లాక్కుంది. ఊపిరి బిగపట్టడం కుదరదు గనక ఆయన బరువులు ఎత్తలేడు. చెరువులో దిగలేడు. స్నానానికి మెడ కింద గుడ్డ అడ్డం పెట్టుకుని కూర్చుంటే వదినే నీళ్ళు పోస్తుంది, ఆ రంధ్రంలోకి చుక్క కూడా పోకుండా. అరుగు మీద కూర్చుని అదంతా చూస్తుంటే నాకు ఒక ఆలోచన వచ్చింది. కోశాక నాకూ పెట్టె తీయాల్సి వస్తే, నాకు నీళ్ళు పోయడానికి ఎవరున్నారు?

రెండో రోజు అన్న నన్ను బస్టాండుకు తీసుకుపోయాడు. గొంతు పోయాక కూడా ఆయన ఆ పని మానలేదని విన్నాను గానీ చూడలేదు. మధ్యాహ్నపు ఎండలో దుమ్ము లేచి బస్సులన్నీ పసుపు నీళ్ళలో తేలుతున్నట్టున్నాయి. అన్న ఒక బస్సు పక్కకు పోయి అరచేత్తో రేకు మీద చరిచాడు. రెండు చరుపులు, ఒక ఖాళీ, మళ్ళీ ఒకటి. నిమ్మకాయల బండి దగ్గర నిలబడ్డ ముసలాయన కాయలు కింద పెట్టేసి బస్సు ఎక్కాడు. ఇంకో బస్సుకు ఇంకో చరుపు. జనానికి అవి అలవాటైపోయాయి.

"మీ అన్న ఉదయగిరి బస్సు కొట్టినాడంటే చెవిటోళ్ళు గూడా ఎక్కుతారమ్మా," అన్నాడు కండక్టరు. "అప్పుడు నోటితో చెవులు పగలగొట్టేవాడు, ఇప్పుడు నా బస్సు పగలగొడతాండాడు."

అన్న నా వైపు తిరిగాడు. చాలాసేపు గాలి మింగాడు, ఎక్కువ మాటలు చెప్పాలని. "నాకు... ముదిరింది. దారి... లేదు. నీకు... తీగ... ఉండాది. ఉన్నదాన్ని... పోగొట్టుకోబాక."

ఆ చరుపుల మధ్య ఆయన వదిలిన ఖాళీ నా చెవుల్లో ఉండిపోయింది. సాయంత్రానికి కరెంటే పెట్టించుకుంటానని వదినకు చెప్పాను. ఆమె కాసేపు అలిగి, తర్వాత నా సంచిలో రెండు చీరలు, మెత్తటి దుప్పటి సర్దింది.

మేకల్ని తోడికోడలికి అప్పగించాను. వెళ్ళేముందు బండ మీద నిలబడి ఒకసారి కూత వేశాను. బొంగురుగానే వచ్చింది, అయినా అవి దిగాయి. తోడికోడలు డబ్బాలో చింతగింజలు పోసి గలగల ఆడిస్తూ, "నువ్వొచ్చేలోపల నా డబ్బాకు అలవాటు చేస్తాలే," అంది. సరేనన్నాను. ఇంకేం చెయ్యగలను?

మద్రాసులో గడిపిన ఆ వారాలు నాకు ఇప్పటికీ సరిగ్గా వరుసలో గుర్తుకు రావు. నీళ్ళలోంచి చూసినట్టు ఉంటాయి. ఆసుపత్రి వెనక సత్రంలో ఉండేదాన్ని. పొద్దున వరండాలో బల్ల మీద ఆడవాళ్ళం కూర్చునేవాళ్ళం. లోపలికి పోయేముందు మెడలో ఉన్నవన్నీ తీసేయాలి. తాళి తీయమంటే ఒక అరవ ఆమె గట్టిగా పట్టుకుని ఏడ్చింది. మిషను దగ్గరి మనిషి ఆమెకు రోజూ నచ్చజెప్పాల్సి వచ్చేది. నా దగ్గరికి వచ్చేసరికి దర్గా తాయెత్తు ఒక్కటే ఉంది, అదీ మొదటి రోజే తీసి కొంగున ముడేశాను. ఒట్టి మెడ ఒక చోట పనికి రావడం అదే మొదటిసారి.

నా మెడకు రెండు పక్కలా ఊదా రంగు సిరాతో గీతలు గీశారు. ఆ గీతల మధ్యలోనే పెట్టాలట. చెరపొద్దు, నూనె రాయొద్దు అని చెప్పారు. బల్ల మీద పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి, అందరూ బయటికి పోయి బరువైన తలుపు వేసేవాళ్ళు. పైన పెద్ద ఇనుప తల ఒకటి ఉండేది. అది వంగి నన్ను చూసేది. నొప్పి లేదు, వేడి లేదు. తుమ్మెద దూరంగా ఎగిరినట్టు ఒక రొద. ఆ రొదలో కళ్ళు మూసుకుంటే ఉదయగిరి కొండ వచ్చేది. మంచులో తేలే గోడ ముక్క, దాని కింద బండలు, బండల మీద నల్లగా తెల్లగా చింతగింజల్లా చెల్లాచెదురైన మేకలు. అవన్నీ తలలెత్తి ఉండేవి. కూతలో మధ్య మౌనం అప్పుడే అయిందన్నట్టు ఎదురు చూసేవి. నేను నోరు తెరవకుండానే లోపల మౌనాన్ని పొడిగిస్తూ ఉండేదాన్ని. ఇంతలో తలుపు తెరుచుకునేది, ఎవరో "లేమ్మా" అనేవాళ్ళు. మేకలు అక్కడే నిలబడిపోయేవి.

ఒక శనివారం సాయంత్రం తప్పు చేశాను. రేపు ఆదివారం, దగ్గర్లో తెలుగు గుడి ఉందన్నారు. మా ఇళ్ళలో శనివారం తలంటుకుని, ఒళ్ళు రుద్దుకుని, ఉతికిన చీర తీసి పెట్టుకోవడం చిన్నప్పటి నుంచీ ఉంది. మెడంతా సిరాతో దేవుడి ముందు ఎలా కూర్చోవడం అనుకున్నాను. కుంకుడుకాయ కొట్టి పులుసు తీసి, మెడ రెండు పక్కలా కొబ్బరి పీచుతో శుభ్రంగా రుద్దుకున్నాను. మంటెత్తింది. పాటలు పాడటానికి గొంతు లేదు గానీ, మెరిసే మెడతో ఆదివారం గుడిలో ఎంత తృప్తిగా కూర్చున్నానో చెప్పలేను.

సోమవారం మిషను దగ్గరి మనిషి నా మెడ చూసి కుర్చీలో కూలబడ్డాడు. "గీతలేవి?"

"కడుక్కున్నాను నాయనా. ఆదివారం గదా."

డాక్టరమ్మ వచ్చింది. మళ్ళీ కొలతలు తీసి గీయాలి, తోలు రేగిన చోట మానేదాకా ఆగాలి అంది. "దేవుడు నీ మెడ చూడడమ్మా. చూసేది నేనే," అంది. ఆ మాటకు నాకు నవ్వు వచ్చింది గానీ, నవ్వితే గొంతులో ముళ్ళు దిగాయి. పోయిన రోజుల్ని చివర కలిపారు. ఆ తర్వాత ఆదివారాలు కొంగు కప్పుకుని, సిరా మెడతోనే కూర్చున్నాను.

చివరి వారాల్లో మాట పూర్తిగా పోయింది. అన్నం ఇసుకలా ఉండేది. జావ చల్లార్చి చుక్క చుక్క మింగేదాన్ని. మెడ తోలు నల్లబడి పొట్టు లేచింది. వదిన చెప్పినట్టు కోయించుకుంటే ఈపాటికి ఇంట్లో ఉండేదాన్ని కదా అని ఆ రోజుల్లో చాలాసార్లు అనుకున్నాను. సత్రం పక్క ఫోను బూతు నుంచి మా వీధి చివరి బూతుకు ఫోను చేస్తే తోడికోడలు వచ్చేది. నేను మాట్లాడలేక గొట్టం మీద వేలితో కొట్టేదాన్ని, ఉన్నానని.

"అక్కా, వింటాండావా? నల్లమేక ఈనింది. రెండు పిల్లలు. దానికి ఫోనీమంటావా?"

మళ్ళీ కొట్టేదాన్ని.

ఇంటికి వచ్చాక కూడా నెలల పాటు గుసగుస తప్ప రాలేదు. మేకలు డబ్బాకు అలవాటు పడ్డాయి. తోడికోడలు పొద్దు వాలితే వాగు ఒడ్డున గలగలమనిపించేది, అవి దూకుతూ దిగేవి. నేను వాకిట్లోనే కూర్చునేదాన్ని. ఆమె ఎగతాళి కూడా మానేసింది. అది ఇంకా కష్టంగా ఉండేది. ఆసుపత్రికి పోయినప్పుడల్లా డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి శుభ్రంగా ఉందనేది. జబ్బు లేదు. మేకల సంగతి ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

వానలు పడి కొండ పచ్చబడ్డాక ఒక సాయంత్రం తోడికోడలే వచ్చి నా చెయ్యి పట్టుకుని లేపింది. "రా అక్కా. డబ్బా తేలేదు. ఈ పొద్దు నువ్వే."

"గొంతేదీ?"

"ఉన్నంత."

బండ ఎక్కాను. కొండ మీద సన్నటి తుంపర, ఎండ రెండూ ఉన్నాయి. "హో" అన్నాను. అది ఆయన కూత కాదు. పైకి లేవలేదు, మధ్యలో చీలి, గాలిలో పొట్టులా చెదిరింది. కొండ దాకా పోయిందో లేదో తెలియదు. తిరిగి మాత్రం రాలేదు. అయినా తిరిగి వచ్చేంతసేపు ఆగాను. ఆయన ఆగినట్టే, కళ్ళు మూసుకుని. ఆ మౌనం ఒక్కటే ఎక్కడా చెడిపోకుండా ఉంది. తర్వాత "దా దా దా" అన్నాను, ఎండుటాకులు తొక్కినట్టు.

పెద్ద మేకలు తలలెత్తి చూసి మళ్ళీ పొదల్లో మూతులు పెట్టాయి. ఆయన గొంతు తెలిసినవి, నా పాత గొంతు తెలిసినవి. వాటికి ఇది ఎవరిదో గొంతు.

మళ్ళీ వేశాను. ఈసారి పొద వెనక నుంచి రెండు పిల్లలు వచ్చాయి, నల్లమేకవి. నేను మద్రాసులో ఉండగా పుట్టాయి. ఇంటికి వచ్చాక రోజంతా వాకిట్లో నా ఒళ్ళో పడుకుని, నా గుసగుస వింటూ పెరిగాయి. వాటికి నా గొంతంటే ఇదే. ఇంకొకటి ఉండేదని తెలియదు. అవి రాయి మీంచి రాయి మీదికి గెంతుతూ దిగడం మొదలుపెట్టాయి. నల్లమేక పిల్లల కోసం అరిచి, వాటి వెనక దిగింది. దాని వెనక ఇంకొకటి. అలా మంద మొత్తం తుంపరలో మెరుస్తూ కిందికి జారింది.

తోడికోడలు కొంగు నెత్తిన వేసుకుంటూ, "బావ గొంతు పోయిందిలే అక్కా," అంది మెల్లగా. "ఇది నీదే."

పిల్లలు రెండూ బండ ఎక్కి నా మోకాళ్ళకు తలలు రుద్దాయి. నేను ఇంకా కళ్ళు పూర్తిగా తెరవలేదు. కొండ నుంచి ఏదైనా తిరిగి వస్తుందేమో అని కాసేపు అలాగే నిలబడ్డాను.